చుక్క పక్కకి జరిగితే

మా ఇంట్లో పంచదార డబ్బా కన్నా షుగరు రిపోర్టుల ఫైలే బరువు. మా అత్తగారికి షుగరు, బి.పి., ఈమధ్య మూత్రపిండాలు కూడా మొరాయిస్తున్నాయి. నెలనెలా రక్తం ఇవ్వడం, సాయంత్రానికి అంకెలు రావడం, అవి చూసి ఆవిడకి కొబ్బరినీళ్లు ఇవ్వాలో మానాలో డాక్టరుగారు చెప్పడం. చెప్పొద్దూ, మనం పాలవాణ్ణి నమ్మం, బంగారం కొట్టువాడి త్రాసుని నమ్మం. మిషను వేసిన అంకెని మాత్రం కళ్లకద్దుకుంటాం.

"ఆ మిషను నిజం చెబుతోందని ఎవరు చూస్తారే?" అని మా ఆడపడుచు కూతుర్ని అడిగాను. అది హైదరాబాదులో ఓ పెద్ద లాబులో పనిచేస్తోంది.

"పరీక్ష పెడతాం అత్తయ్యా. జవాబు ముందే తెలిసిన పరీక్ష" అంది.

పొద్దున్నే రోగుల రక్తం పెట్టకముందే, కంట్రోల్ సీరం అని ఓ సీసాలోది మిషనుకి ఇస్తారట. అందులో ఏది ఎంత వుండాలో తయారుచేసినవాళ్లే రాసి పంపుతారు. మిషను ఆ హద్దుల్లో చెబితేనే ఆ రోజు పని మొదలు. చెప్పిన అంకెని రోజూ గీతల మీద చుక్కగా పెట్టే పద్ధతిని 1950లో అమెరికాలో లెవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు లాబుల్లోకి తెచ్చారు. చుక్కలు ఏ తీరుగా పడితే అనుమానించాలో 1981లో వెస్ట్‌గార్డ్, ఆయన సహచరులూ సూత్రాలు రాశారు. ముగ్గులు వేసే మనకి చుక్కల సంగతి వేరే చెప్పాలా!

అసలు తంటా సీసా మారినప్పుడు. కొత్త లాట్ వస్తే కొత్త అంకెలు. ముప్ఫై పరీక్షలు, రెండు స్థాయిల సీరం, ఒక్కోదానికి సగటు ఎంత, అటూ ఇటూ వూగే కొలత ఎంత అని రెండేసి. వెరసి 120 అంకెలు. ఇవన్నీ చేత్తో కొట్టాలి. మధ్యలో ఫోన్లు, కౌంటరు దగ్గర కేకలు. పొటాషియం సగటు 4.0, వూగే కొలత 0.1 అనుకోండి. ఆ కొలతకి రెండింతల దాకా, అంటే 3.8 నుంచి 4.2 వరకూ సరే. ఆ 0.1 కాస్తా 1.0గా పడిందా, హద్దులు 2.0 నుంచి 6.0! మిషను దారి తప్పినా పాసే. ఒంట్లో పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. మా అత్తగారి కొబ్బరినీళ్ల తగువంతా దాని గురించే మరి.

ఇప్పుడు చాలా మిషన్లు ఆ అంకెల్ని తామే పుచ్చుకుంటున్నాయి. కొన్ని బార్‌కోడు చదివి, కొన్ని పెన్‌డ్రైవులోంచి, కొన్ని నెట్ ద్వారా. వేళ్లు తగలవు కనక చుక్క జరగదు. "హమ్మయ్య" అన్నాను.

"అప్పుడే హమ్మయ్యేమిటత్తయ్యా! సీసా ఒక లాట్‌దీ, ఫైలు ఇంకో లాట్‌దీ అయితే? తప్పంతా ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఎక్కుతుంది" అంది.

అందుకని వాళ్ల లాబులో ఒకళ్లు సీసా మీది నంబరు పైకి చదువుతారట, ఇంకొకళ్లు తెర మీద చూస్తారట. పైగా తయారీవాళ్లిచ్చే హద్దులు కాస్త ధారాళంగానే వుంటాయి. పాత సీసా అయిపోకముందే కొత్తదాన్ని ఇరవైసార్లయినా నడిపి తమ హద్దులు తామే కట్టుకుంటారు. ఆవకాయలో ఉప్పు కొలిచే వేసినా, నాలిక మీద వేసుకోకుండా జాడీకి ఎత్తుతామా?

మొన్న అత్తగారిని మా వీధి చివరి లాబుకి తీసుకెళ్లినప్పుడు, "ఇవాళ కంట్రోల్ పెట్టారా బాబూ?" అని అడిగాను. కుర్రాడు తెల్లబోయి, ఆనక నవ్వి, తెర నావైపు తిప్పాడు. చుక్కలన్నీ బుద్ధిగా గీతల మధ్యే వున్నాయి. "మరి లాట్ నంబరో?" అన్నాను. లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి సీసా తెచ్చుకున్నాడు.