లోతు కాదండీ, దూరం!

ఒక చిన్న లెక్క వేద్దాం, రండి. జూల్ వెర్న్ నవల ‘సముద్రగర్భంలో ఇరవై వేల లీగులు’ పేరు వినే ఉంటారు. వినగానే ఏమనిపించింది? కెప్టెన్ నీమో తన జలాంతర్గామిని ఇరవై వేల లీగుల లోతుకి దింపేశాడనేగా? చాలామంది అలాగే అనుకుంటారు. వెర్న్ లెక్కలో లీగంటే 4 కిలోమీటర్లు. మొత్తం 80 వేల కిలోమీటర్లు! మన భూగోళం ఈ చివర నుంచి ఆ చివరికి 13 వేలు కూడా లేదు. సముద్రాలన్నిటిలో లోతైన మరియానా అగాధం సుమారు 11 కిలోమీటర్లు, అంతే. ఈ లెక్కన నీమో ఇటు మునిగి అటు తేలి, ఆపైన ఇంకో అయిదు భూగోళాలంత దూరం అంతరిక్షంలో ఈదుతూ పోవాలి.

అసలు సంగతేమిటంటే, ఆ ఇరవై వేలు లోతు కాదు, నీటి అడుగున ఆ జలాంతర్గామి నాటిలస్ తిరిగిన దూరం. భూమి చుట్టూ రెండు ప్రదక్షిణలంత అన్నమాట. వెర్న్ ఉన్నమాటే చెప్పాడు, తొందర మనదే.

కథతో చుట్టరికమే లేని పేర్లూ ఉన్నాయి లెండి. 1982లో వచ్చిన ‘బ్లేడ్ రన్నర్’ సినిమా ఎంతసేపు చూసినా అందులో బ్లేడూ కనపడదు, దాన్ని పట్టుకుని పరిగెత్తేవాడూ కనపడడు. కథేమో ఫిలిప్ కె. డిక్ 1968లో రాసిన నవల నుంచి తీసుకున్నారు. పేరు మాత్రం అలన్ నర్స్ 1974లో రాసిన వేరే నవలది. ఆ నవలలో చట్టం కళ్ళుగప్పి వైద్యం చేసే డాక్టర్లకి ఆపరేషన్ సామాన్లు దొంగచాటుగా చేరవేసేవాళ్ళుంటారు, అక్కడ ఆ పేరు అతికినట్టు సరిపోతుంది. సినిమాకి వచ్చింది దత్తత పేరు. అయితేనేం, ఇప్పుడా పేరు వింటే ఎవరికైనా సినిమాయే గుర్తొస్తుంది.

మళ్ళీ వెర్న్ దగ్గరికే వద్దాం. ఇందాక ఆయన్ని వెనకేసుకొచ్చాను గానీ, ఆయనేం తక్కువవాడు కాదండోయ్! 1864లో ‘భూకేంద్రానికి ప్రయాణం’ రాశాడు. ప్రొఫెసర్ లీడెన్‌బ్రాక్ మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని ఐస్‌లాండ్‌లో ఒక అగ్నిపర్వతంలోంచి దిగుతాడు, ఇటలీలో స్ట్రాంబోలి అగ్నిపర్వతం నోట్లోంచి బయటపడతాడు. భూకేంద్రమా? దాని ఛాయలకి కూడా పోలేదు. మరుసటి ఏడాది ‘భూమి నుంచి చంద్రుడికి’ వచ్చింది. ఫ్లోరిడాలో పెద్ద ఫిరంగి పేల్చి ముగ్గురు మనుషుల్ని పైకి పంపారు. పుస్తకం అయిపోయింది, వాళ్ళు మాత్రం చంద్రుడి మీద దిగనేలేదు.

మోసమంటారా? నేననను. లీడెన్‌బ్రాక్ బయల్దేరింది భూకేంద్రానికే. ఫిరంగి గురిపెట్టింది చంద్రుడికే. వాళ్ళ సంకల్పమేమిటో అట్టమీద పేరు చెప్పింది. అది నెరవేరిందా లేదా అన్నది లోపలి పేజీల వ్యవహారం. ‘ఐస్‌లాండ్‌లో దిగి ఇటలీలో తేలిన వైనం’ అని పేరు పెట్టుంటే నిజం చెప్పినట్టే అయ్యేది. చదివేవాడికి మాత్రం సొరంగం ఎంత లోతుకి పోయినా గుబులుండేది కాదు.

ఆ మాటకొస్తే వెర్న్ ఒకసారి నిజమూ చెప్పి చూశాడు. ఆ ముగ్గురూ ఏమయ్యారో తెలియక పాఠకులు నాలుగేళ్ళు ఎదురుచూశారు. 1869లో తరువాయి కథ పత్రికలో మొదలైంది. లోపల వాళ్ళేమో ఎలాగైనా చంద్రుడి మీద దిగాలని కడదాకా తంటాలు పడుతూనే ఉంటారు, చివరికి వచ్చి పసిఫిక్ మహాసముద్రంలో పడతారు. దిగుతారా, దిగరా అన్న ఉత్కంఠతోనే కథంతా నడవాలి కదా! మరి ఆ పుస్తకానికి వెర్న్ పెట్టిన పేరేమిటో తెలుసా? ‘చంద్రుడి చుట్టూ’!