రెండు మద్దిచెట్లు

గత మాఘమాసమున మా తరగతి బాలురను వెంటబెట్టుకొని భైంసాయొద్దనున్న సుద్దవాగు గట్టునకు పోయితిమి. నీటియంచున నొక మహావృక్షము నిలిచియుండెను. దాని క్రింద రాలిన యెండుకాయ నొకదాని నెత్తి చూడగా ఐదు ఱెక్కలుండెను. ఐదు ఱెక్కల కాయ నల్లమద్దికి గుఱుతని శిక్షణ కళాశాలలో చదివియుంటిమి. కావున సందేహింపక “ఇది నల్లమద్ది” యని బాలురచే వ్రాయించితిమి.

వెనుక నిలిచియున్న యొక బాలుఁడు “కాదు సారు, ఇది ఏరుమద్ది. మా తాత చెప్పిండు” అనెను. వాని తాత మేకలు కాచువాఁడు. “పుస్తకముకంటె మీ తాతకెక్కువ తెలియునా?” యని వాని నోరు మూయించితిమి. వార్షిక పరీక్షలో ఆ చెట్టు పేరే యడిగితిమి. అందఱును మేము చెప్పినట్లు వ్రాసిరి. వాఁడొక్కఁడే ఏరుమద్ది యని వ్రాసి సున్న తెచ్చుకొనెను.

వేసవి సెలవులలో నిర్మల్ ఘాటు మార్గమున పోవుచుండగా, ఒక గ్రామస్థుఁడు కొండవాలున నున్న నల్లమద్దిని మాకు చూపెను. బెరడు నల్లనై, మొసలి వీపువలె నిలువునను అడ్డముగను పగిలియుండెను. వాగు గట్టున చూచిన చెట్టు బెరడో, తెల్లనై నునుపుగా నుండి పలుచని పెచ్చులుగా నూడుచుండెను. మా తప్పు అప్పుడు తెలిసినది.

ఐదు ఱెక్కలు రెంటికిని గలవు. పూర్వము సామర్లకోటలో నుండి ఈ దేశపు మొక్కలను వర్ణించిన విలియం రాక్స్‌బర్గు దొర రెంటికిని ‘పెంటాప్టెరా’, అనగా ఐదు ఱెక్కలుగలది, అను పేరే యుంచెను. నేటి శాస్త్రజ్ఞులు రెంటిని టెర్మినేలియా యందురు. అయినను ఱెక్కలమీది గీతలు నల్లమద్దికి అడ్డముగా అంచువఱకు సాగును. ఏరుమద్దికి పైకి వంగును. నల్లమద్ది మెట్ట అడవులలో, ఏరుమద్ది నీటి యొడ్డున పెరుగును. రెంటి యాకులను దసలి పట్టుపురుగులు తినును. కాని ఆయుర్వేదమున గుండెజబ్బుకు వాడునది ఏరుమద్ది బెరడే. పేరు తప్పినచో మందును తప్పును.

బడి తెఱచిన దినమున తరగతియెదుట మా తప్పు నొప్పుకొని, ఆ బాలుని మార్కులు దిద్ది, వానిని క్షమింపుమని యడిగితిమి. వాఁడు సిగ్గుపడి తల వంచుకొని, “మా తాతకు ఇంకా శాన చెట్లెరుక, సారు” అనెను. మఱునాఁడే ఆ వృద్ధుని పాఠశాలకు పిలిపించితిమి.

విద్యార్థులారా, ఒక్క గుఱుతుతో చెట్టునకు పేరు పెట్టకుఁడు. కాయను, బెరడును, అది నిలిచిన నేలను చూడుఁడు. పిదప దాని నీడన బ్రదికినవారి నడుగుఁడు. మేము ముందుగా అడుగవలసియుండెను.