ఒంటరి ఆట సొగసు – గుంపు ఆట సాదాతనం

కంప్యూటరు ఆటలను గూర్చి కళాశాల వార్షిక సంచికలో వ్యాసం వ్రాయడం పెద్దలకు కొంత వింతగా తోచవచ్చును. అయితే సాయంకాలం మన వసతి గృహం వరండాలో ఒకమారు నడచి చూచినవారికి ఈ విషయం అప్రస్తుతమని అనిపించదు. ఆ ఆటల వలన లాభమా, నష్టమా అనే చర్చ జోలికి నేను పోవడం లేదు. అది వక్తృత్వపు పోటీలలో ఏటేటా జరుగుతూనే ఉన్నది. నా ప్రశ్న అంతకంటె చిన్నది. ఒక్కడే కూర్చుండి ఆడుకొనే ఆటలో ఆకుమీది నీటిబొట్టు సైతం మెరుస్తుంది. పదిమందో నూరుమందో ఇంటర్నెట్ ద్వారా ఏకకాలంలో ఆడే ఆటలో చెట్టు చెట్టని తెలిస్తే చాలునన్నట్లు ఉంటుంది. ఒకే యంత్రం మీద నడిచే రెండు ఆటల నడుమ ఇంతటి తారతమ్యం ఏల?

ఈ ప్రశ్న మా ఇంటికి డబ్బు రూపంలో వచ్చినది. నేను డిగ్రీ చదువు కొరకు కొనుక్కున్న పాత కంప్యూటరు మీద, ఇంటర్మీడియట్ చదువుతున్న మా తమ్ముడు ‘వాలరెంట్’ అనే ఆట ఆడుతుంటాడు. అయిదుగురు ఒక పక్షం, అయిదుగురు మరొక పక్షం. ఒకనాడు వాడు స్నేహితుని ఇంట ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ అనే 2018 నాటి ఆటలోని కథాభాగం చూచి వచ్చినాడు. గుర్రపు జూలు గాలికి కదలడం, మంచులో అడుగుజాడలు పడడం వర్ణించి వర్ణించి, నలభై వేల రూపాయల గ్రాఫిక్స్ కార్డు కొనిపెట్టమని అబ్బాను అడిగినాడు. “ఆ కార్డు పెడితే మన ఆట కూడా అట్లే కనబడుతుంది భాయ్” అని నాకు నచ్చజెప్పినాడు. నలభై వేలంటే మా అబ్బాకు కుట్టుమిషను మీద మూడు నెలల పని. కంప్యూటరు శాస్త్రం చదివేది నేనే గనుక తీర్పు చెప్పే భారం నామీద పడినది. తమ్ముడు అబద్ధమాడలేదు, నమ్మినదే చెప్పినాడు. ఆ నమ్మకం ఎంతవరకు సరియైనదో తేల్చడానికి నేను కొన్ని వారాలపాటు ఈ విషయం చదివినాను.

మొట్టమొదట తొలగించవలసిన అపోహ ఒకటున్నది. ఇంటర్నెట్ తీగ సన్ననిది, దానిగుండా గొప్ప చిత్రాలు పోలేవు, అందువలన చిత్రాలను పలుచన చేస్తారు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇట్టి ఆటలలో చిత్రం తీగలో ప్రయాణమే చేయదు. కొండ, గోడ, తుపాకి అన్నీ ముందుగానే మన యంత్రంలో చేరి ఉంటవి. తీగగుండా వచ్చేది ఎవరు ఎక్కడ నిలిచినారు, ఎటు తిరిగినారు, ఏ మీట నొక్కినారు అనే క్లుప్తమైన వార్త మాత్రమే. పూర్వం మనవారు మాటకు ఇంత అని లెక్కించుకొని ఇచ్చిన టెలిగ్రాముల వంటిది ఆ భాష. 1997లో వెలువడిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ ఆటలో ఎనిమిదిమంది ఆటగాళ్ల సేనలు వందల కొలది కదులుతూ ఉండేవి. అదంతా సెకనుకు 28.8 కిలోబిట్ల మోడెం మీద నడిచేటట్లు తయారుచేసినారు. ప్రతి సైనికుని స్థితిని పంపలేదు. ఆటగాడు ఇచ్చిన ఆజ్ఞను మాత్రమే పంపినారు. ఆ ఆజ్ఞ అందుకొన్న ప్రతి యంత్రమూ అదే లెక్కను తనంతట తాను చేసుకొని అదే ఫలితానికి చేరుకొనేది. చిత్రాన్నే దూరంనుండి పంపే పద్ధతి నేడు కొన్నిచోట్ల ఉన్నది గాని, దాని సంగతి వేరు.

అసలు కారణం కాలం. ఇందుకు నాకు దొరికిన గట్టి సాక్ష్యం 2016లో ప్లేస్టేషన్ 4 కొరకు వచ్చిన ‘అన్‌చార్టెడ్ 4’. ఒకే ఆట, ఒకే యంత్రం, తయారుచేసిన వారూ ఒక్కరే. కథను ఒంటరిగా ఆడేటప్పుడు తెరమీద 1080 వరుసల బొమ్మ, సెకనుకు 30 బొమ్మలు. పలువురు కలిసి ఆడే భాగంలో 900 వరుసలు, సెకనుకు 60 బొమ్మలు. లెక్క వేసి చూడండి. మొదటిదానిలో ఒక్కొక్క బొమ్మ గీయడానికి యంత్రానికి 33 మిల్లీసెకన్ల వ్యవధి ఉన్నది. రెండవదానిలో 17 మిల్లీసెకన్లు కూడా లేవు. సగం సమయంలో బొమ్మ పూర్తి చేయమంటే ఏ చిత్రకారుడైనా ఏమి చేస్తాడు? నీడలు తగ్గిస్తాడు, దూరపు కొండను రెండు గీతలతో సరిపెడతాడు.

ఆ తొందర ఎందుకందురా? ఎదుట ఉన్నది తోలుబొమ్మ కాదు, మనిషి. ఒంటరి ఆటలోని శత్రువు మన యంత్రంలోని ఒక లెక్క. మన చేయి కాస్త ఆలస్యమైనా సర్దుకొనేటట్లు అతనిని తీర్చిదిద్దవచ్చును. గుంపు ఆటలో అటువంటి మర్యాద లేదు. దానికి తోడు దూరమొకటి. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదునుండి ముంబయి సుమారు 620 కిలోమీటర్లు గనుక వార్త వెళ్లిరావడానికి 6 మిల్లీసెకన్లు తప్పవు. సర్వరు సింగపూరులో ఉన్నచో దూరం సుమారు 3,300 కిలోమీటర్లు, 33 మిల్లీసెకన్లు. ఇది ప్రకృతి వసూలు చేసే సుంకం. తీగల వంకర దారులు దానిని ఇంకా పెంచుతవి. 1996 డిసెంబరులో జాన్ కార్మాక్ ‘క్వేక్‌వరల్డ్’లో ఒక ఉపాయం ప్రవేశపెట్టినాడు. సర్వరు జవాబు రాకముందే మన కదలికను యంత్రం ఊహించి చూపుతుంది, తరువాత తప్పు ఉంటే దిద్దుకుంటుంది. ఆలస్యాన్ని కప్పిపుచ్చగలిగినారే గాని ఎవరూ దానిని లేకుండా చేయలేకపోయినారు. తగ్గించుకోదగినది మన యంత్రం బొమ్మ గీయడానికి తీసుకొనే కాలమొక్కటే.

అష్టావధానం చూచినవారికి ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. ప్రబంధకవి తన గదిలో కూర్చుండి ఒక్క వర్ణనకు నెల రోజులు తీసుకోవచ్చును. అవధాని ఎదుట ఎనమండుగురు పృచ్ఛకులు ఉంటారు. ఒకరిది సమస్య, ఒకరిది నిషిద్ధాక్షరి, నడుమ గంట మ్రోగుతుంది, అప్రస్తుత ప్రసంగం సరేసరి. ఆయన పద్యంలో ప్రబంధపు నగిషీని వెదకడం న్యాయం కాదు గదా!

ఇక రెండవ సంగతి. ఒంటరి ఆటలో ఆటగాడు ఏ సందులోనుండి వస్తాడో, ఎటు చూస్తాడో, ఎదుట ఎందరు నిలబడతారో రచయితకు ముందే చాలావరకు తెలుసును. సురభి నాటకంలో తెర ప్రేక్షకుని వైపే అందంగా ఉంటే చాలును. వెనుక వెదురు బద్దలున్నా ఎవరికీ పట్టదు. గుంపు ఆటలో ప్రేక్షకులే రంగస్థలమెక్కి తెర వెనుకకు పోతారు. నూరుమంది ఒకే గల్లీలో గుమికూడితే వద్దనేవారు లేరు; అట్టి క్షణంలో కూడా బొమ్మ తడబడరాదు. 2011లో వచ్చిన ‘బ్యాటిల్‌ఫీల్డ్ 3’ను చూడండి. అందులో గోడలు కూలుతవి, చిత్రాలు మనోహరంగా ఉంటవి. కంప్యూటరు మీద 64 మంది ఆడేవారు. అదే ఆట నాటి ప్లేస్టేషన్ 3 మీద 24 మందితోనే ఆగినది. అందం వదులుకోవడం ఇష్టం లేనిచోట మనుషులను తగ్గించవలసి వచ్చినదన్నమాట. కూలిన గోడ మరొక చిక్కు. ఒంటరి ఆటలో ఇటుకలు ఎట్లు దొర్లినా అడిగేవారుండరు. ఇక్కడ మాత్రం నాకు కూలిన గోడ నీకు నిలిచి ఉన్నదంటే తగవు.

మూడవది నాకు అన్నిటికంటె సరదాగా తోచినది. ‘పబ్‌జీ’ ఆటలో ఒకడు దట్టమైన గడ్డిలో పడుకొని తానెవరికీ కనబడనని నిశ్చింతగా ఉంటాడు. చాలా దూరంలో ఉన్న శత్రువు యంత్రం అంత గడ్డిని గీయలేక వదలివేస్తుంది. వానికి బోడి నేలమీద పడుకొన్న మనిషి స్పష్టంగా కనబడతాడు! సొగసు ఇక్కడ న్యాయానికే అడ్డు వచ్చినది. అందుచేతనే అనుభవజ్ఞులు ఖరీదైన ఫోను చేతిలో ఉన్నా చిత్రాలను ‘స్మూత్’ అనే తక్కువ మెట్టున పెట్టుకొని, బొమ్మల వేగాన్ని పెంచుకుంటారు. 2007 నాటి ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’ తయారుచేసినవారు తొమ్మిది రకాల పాత్రలను నీడ చూచి గుర్తుపట్టగలిగేటట్లు గీసినారు. అది సాదా బొమ్మే గాని, ఆ సాదాతనం వెనుక ఎంత ఆలోచన ఉన్నదో చూడండి.

తమ్మునికి చెప్పవలసినది తేలినది. ‘వాలరెంట్’ 2020లో వచ్చినది. దాని సర్వరు సెకనుకు 128 మార్లు ఆట స్థితిని లెక్కిస్తుంది. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని పాత కంప్యూటరు మీద కూడా నడవాలని దాని బొమ్మలను బుద్ధిపూర్వకంగానే చదునుగా గీసినారు. నలభై వేలు పోసినా లేని ఆకులు మొలవవు. బొమ్మల వేగం పెరుగుతుంది, నిజమే. కాని మా మానిటరు సెకనుకు 60 కంటె ఎక్కువ చూపలేదు. గుర్రపు జూలు కొరకే కార్డు కావాలంటే ఆ మాటే అడగమన్నాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కార్డు కొనలేదు.

ఖర్చు సంగతి ఒక్క మాటలో చెబుతాను. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ వంటి ఒంటరి కథలకు పేరుపొందిన నాటీ డాగ్ సంస్థ, ఆ కథాలోకంలో తాము తయారుచేస్తున్న గుంపు ఆటను 2023 డిసెంబరులో విరమించుకొన్నది. విడుదల తరువాత ఏళ్ల తరబడి దానిని పోషించడానికి సంస్థ శక్తినంతా ధారపోయవలసి వస్తుందని చెప్పినారు. ఒంటరి ఆట పుస్తకం వలె ముగిసిపోతుంది. గుంపు ఆట దుకాణం వలె ప్రతిదినం తెరవవలసినది.

ఆదోనిలో మా ఖాలా కొడుకు ఒకడున్నాడు. వాని చేతిలో ఉన్నది వాళ్ల నాన్న వాడి వదలిన ఫోను. అరగంట ఆడితే పెనం వలె కాలుతుంది. అయినా రాత్రి భోజనాల తరువాత మా తమ్ముడు, వాడు ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’లో ఒకే జట్టుగా దిగుతారు. 2022 జులైనుండి 2023 మే వరకు మన దేశంలో ఆ ఆట ఆగిపోయినప్పుడు వారిద్దరూ వారానికొకమారు కూడా మాట్లాడుకొన్నట్లు నాకు గుర్తులేదు. ఆ ఆట చిత్రాలు ‘రెడ్ డెడ్’ వలె ఉండి ఉంటే ఆ ఫోను మొదటి నిమిషంలోనే చేతులెత్తివేసేది. నూరుమందిని కూడగట్టుకోవలసిన ఆట బలహీనమైన ఫోనును కాదనలేదు.

ఇటీవల కొందరు రెండింటినీ పొసగించే యత్నం చేస్తున్నారు. ‘ఫోర్ట్‌నైట్’ 2020 డిసెంబరులో పాత కంప్యూటర్ల కొరకు చిత్రాలను బాగా సరళం చేసే ఏర్పాటు తెచ్చినది. 2022 డిసెంబరులో శక్తిగల యంత్రాలకు సహజమైన వెలుగునీడలనూ, సూక్ష్మమైన ఆకృతులనూ చేర్చినది. ఒకే ఆటలో ఒకనికి చెట్టు ఆకు ఆకుగా కనబడుతుంది, మరొకనికి పచ్చని ముద్దగా కనబడుతుంది. చెట్టు నిలిచిన చోటు మాత్రం ఇద్దరికీ ఒక్కటే.