వగరుంటే మందు... కడిగితే అంబలి!

మాడుగుల దాటాక కొండదారి మొదలవుతుంది. పాడేరు ఘాట్‌లో మలుపులన్నీ ఎక్కి పైకి చేరేసరికి చెవులు దిబ్బళ్లు పడ్డాయి. ఓ పల్లెలో ఇంటిముందు చాపమీద ఏవో ఎండుతుంటే వడియాలేమో అనుకున్నా. దగ్గరికెళ్లి చూస్తే... మామిడి టెంకల్లోని జీడి! మనం పండు చీకేసి పెరట్లోకి విసిరేసే టెంకలోదే.

మామిడి ఆరోగ్యానికి మంచిదంటే మనకు గుర్తొచ్చేది పండే. అందులోని బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్-ఎగా మారుతుంది. వడదెబ్బకు పచ్చికాయ పానకం ఉండనే ఉంది. లేత ఆకుతో పళ్లు తోముకోవడం, బెరడు కషాయం పుక్కిలించడం తాతలనాటి అలవాట్లు. ఆకుల కషాయం తాగితే షుగర్ తగ్గుతుందని ఈమధ్య ఊరూరా చెబుతున్నారు. దాన్ని నమ్ముకుని మాత్రలు మానేయకండి!

ఏజెన్సీలో మాత్రం అసలు విలువ టెంకది.

‘‘జీడి దంచి, మూటగట్టి గెడ్డలో పెట్టాల బాబూ. దానిమీంచి నీరు పారతా ఉండాల. వగరంతా పోవాల’’ అంది ఆ ఇంటి అవ్వ. అప్పుడు దాన్ని అంబలి కాస్తారు. ఆ వగరంతా టానిన్లే. విరేచనాలు పట్టుకుంటే చిటికెడు జీడిపొడి మజ్జిగలో కలిపి ఇచ్చేది ఆ వగరు కోసమే. (పసిపిల్లలకైతే ముందు ఓఆర్‌ఎస్, ఆ వెంటనే డాక్టరు!)

అయితే ఈ జీడికి తడి తగిలితే బూజు పడుతుంది. ఇళ్లలో తిండిగింజలు అడుగంటేదీ ఆ వానల్లోనే. 2001లో ఒడిశాలోని కాశీపూర్‌లో టెంకపిండి తిన్న గిరిజనులు 20 మందికి పైగా చనిపోయారు. బూజుపట్టిన టెంకల వల్లేనంది ప్రభుత్వం. ఆకలి చావులన్నారు మిగతావాళ్లు. నాకైతే ఆ రెండూ వేర్వేరు మాటలుగా తోచవు. 2024 చివర్లో అదే రాష్ట్రంలోని కంధమాల్ జిల్లాలోనూ టెంక అంబలి తాగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అవ్వకు ఇవన్నీ ఎవరూ చెప్పక్కర్లేదు. మాట్లాడుతూనే చాపమీది జీడిని ఒక్కొక్కటీ వాసన చూస్తోంది. నల్లబడ్డవి నాలుగు ఏరి అవతలకు విసిరేసింది.

‘‘ఇంట్లో కోటా బియ్యం ఉన్నాయి, పారేత్తన్నా. మాయమ్మ ఇయ్యి కూడా కడిగేది బాబూ’’ అంది.