మూగజీవి ఒక అమానతు

ఉర్దూ భాషలో 'అమానతు' అని ఒక గంభీరమైన పదం ఉంది. సంస్కృతంలో దీనిని న్యాసమంటారు. అచ్చ తెలుగులో ఇల్లడ. ఒకరు నమ్మి మన వద్ద దాచిన వస్తువు అని స్థూలంగా అర్థం. అది మన ఇంటిలో ఉంటుంది గాని మన ఇష్టానికి లోబడి ఉండదు. వాడి పారవేయడానికి గాని, విసుగు పుట్టిననాడు వీధిలో విడిచిపెట్టడానికి గాని మనకు హక్కు లేదు. ఉంచుకోగలిగినంత కాలం భద్రంగా ఉంచుకోవాలి. ఉంచుకోలేని రోజు వస్తే తగిన చేతులలో పెట్టాలి. భాసుని 'స్వప్నవాసవదత్తం'లో యౌగంధరాయణుడు వాసవదత్తను పద్మావతి వద్ద న్యాసంగా ఉంచిన ఘట్టం తలపునకు వచ్చినప్పుడెల్ల, ఇచ్చినవారి నమ్మకం, పుచ్చుకొన్నవారి బరువు రెండూ మాకు కనిపిస్తాయి. ఇంటిలో పెంచుకొనే పిల్లి, కుక్క వంటి మూగజీవులు కూడ ఇటువంటి ఇల్లడలే అని మా అభిప్రాయం. నోరులేని జీవి కనుక దాని తరఫున లెక్క అడిగేవారుండరు. అడిగేవారు లేనిచోటనే మనిషి నిజాయితీ తేలుతుంది.

పెంపుడు జంతువును వదులుకోవలసిన పరిస్థితులు నిజంగానే వస్తాయి. ఉద్యోగికి బదిలీ అవుతుంది. ఇంటి యజమాని అభ్యంతరం చెబుతాడు. కుటుంబం గల్ఫు దేశానికి తరలిపోతుంది. ముద్దచేసి పెంచిన ముసలివారు కన్నుమూస్తారు. అటువంటి సమయంలో వదులుకోవడమే పాపమని మేము అనము. ఎలా వదులుతున్నామన్నదే ప్రశ్న. మన ఊళ్లలో అలవాటైన పద్ధతి ఒకటున్నది. పిల్లిని గోనెసంచిలో కట్టి తీసుకుపోయి చేపల బజారులో వదలివస్తారు. "అక్కడ దానికి తిండికి లోటుండదులే" అని ఇంటిల్లిపాదీ తృప్తిపడతారు. కాని ఇంటి గోడల మధ్య పెరిగిన పిల్లికి ఆ బజారు పరాయి రాజ్యం. అక్కడి పిల్లులు దానిని రానీయవు, కుక్కలు తరుముతాయి, వాహనాల రద్దీ దానికి తెలియదు. ఆకలితో, దప్పికతో బాధపడే స్థితిలో జంతువును అకారణంగా విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం చేసిననాడు తొలి తప్పుకు నిర్ణయించిన జరిమానా యాభై రూపాయల వరకు మాత్రమే. జరిమానా స్వల్పమైనంత మాత్రాన తప్పు స్వల్పం కాదు కదా!

ఆ చట్టం వెనుక ఒక కళాకారిణి పట్టుదల ఉంది. భరతనాట్యానికి గౌరవస్థానం సంపాదించిపెట్టిన రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభ సభ్యురాలిగా మూగజీవుల కోసం బిల్లు ప్రతిపాదించారు. దాని ఫలితమే 1960 నాటి చట్టం. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. అంతకు ముందే, 1959లో, కెప్టెన్ వి. సుందరం మద్రాసులో బ్లూ క్రాస్ సంస్థను నెలకొల్పారు. వీధికుక్కలను పట్టి చంపడమే పురపాలక సంఘాల నిత్యకృత్యమై ఉన్న కాలంలో, చంపడం మాని సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయాలని ఆ సంస్థ 1960ల నుండి వాదించింది. ఆ వాదం దేశమంతటికీ నిబంధనగా మారడానికి 2001 దాకా పట్టింది. 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. మన హైదరాబాదులో అమల అక్కినేని గారు 1992లో బ్లూ క్రాస్‌ను ప్రారంభించారు.

పాశ్చాత్య దేశాలలో ఈ కథ వేరొక దారిలో నడిచింది. అమెరికాలో జంతుశాలలు ఎన్నో ఉండేవి గాని, చేరిన జంతువును కొద్దిరోజులుంచి, ఎవరూ తీసుకుపోకపోతే చంపివేయడం వాటిలో సాధారణమై ఉండేది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక వృద్ధురాలు మరణిస్తూ, తన పెంపుడు కుక్క సీడోను కూడ చంపించాలని వీలునామాలో వ్రాసింది. తన తరువాత దానిని తనంత ప్రేమతో ఎవరు చూస్తారన్నదే ఆమె భయం. ఆ ఊరి జంతు సంరక్షణ సంఘానికి అధ్యక్షుడైన రిచర్డ్ అవాంజినో కుక్కను చావుకు అప్పగించనని నిలబడ్డారు. 1980లో తీర్పు సీడో పక్షాన వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ప్రతి జంతువుకూ ఇల్లు చూపుతామని అదే సంఘం 1994లో నగరంతో ఒప్పందం చేసుకొన్నది. చంపని శరణాలయాల ఉద్యమానికి అది పెద్ద మలుపు. నేడు అక్కడ, చేరిన ప్రతి 100 జంతువులలో కనీసం 90 ప్రాణంతో బయటపడితే ఆ శరణాలయాన్ని చంపనిదిగా లెక్కిస్తారు. నయంకాని రోగంతో నరకయాతన పడే జీవికి వైద్యుడు బాధలేని ముగింపు ఇవ్వడం ఈ నియమానికి విరుద్ధం కాదు.

సీడో కథ మమ్మల్ని చాలా ఆలోచింపజేసింది. ఆ వృద్ధురాలు క్రూరురాలు కాదు. తన చేతులు తప్ప వేరే చేతులు లోకంలో లేవనుకొన్నది, అంతే. చేపల బజారులో పిల్లిని వదలివచ్చే మనవారు కూడ దాదాపు అలాగే అనుకొంటారు. ఒకరు చావునూ, మరొకరు బజారునూ ఎంచుకొన్నారు. తగిన చేతులను వెదకడం మాత్రం ఇద్దరూ చేయలేదు.

ఈ వెదకడమనేది ఎంత కష్టమో మాకు రెండేళ్ల క్రిందట తెలిసివచ్చింది. మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు. వీధివారంతా ఆమెను ఖాలా అనేవారు. కుమారుడు దమ్మాములో ఉద్యోగం. తల్లిని తన వద్దకు రప్పించుకోవడానికి ఏర్పాట్లు చేశాడు. ఆమె వద్ద ఆరేళ్లుగా మోతీ అనే తెల్లపిల్లి ఉండేది. ముస్లిముల ఇండ్లలో పిల్లికి ఉన్న చనువు ఈ కళాశాల విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ప్రవక్త సహచరులలో ఒకరు అబూ హురైరా, అంటే 'పిల్లికూన తండ్రి' అన్న పేరుతోనే చరిత్రకెక్కారు. ఖాలా ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, "బేటా, ఇది నా చేతి ముద్ద తప్ప ఎరుగదు. అందరూ చేపల బజారు అంటున్నారు. దానిని అక్కడ వదిలి నేను ఏ ముఖంతో విమానం ఎక్కను?" అన్నారు. మరునాడు ఆమెను వెంటబెట్టుకొని నగరం చివరనున్న ఒక శరణాలయానికి వెళ్లాము.

రేకుల కప్పు, జాలీ గదులు, ఫినాయిలు వాసన, గోడమీద నల్లబల్ల. ఆ బల్లమీద ఏ గదిలో ఎన్ని ప్రాణులున్నదీ సుద్దముక్కతో వ్రాసి ఉన్నది. మూడుకాళ్ల కుక్క ఒకటి వచ్చి మా చెప్పులను వాసన చూసి వెళ్లిపోయింది. అక్కడి నిర్వాహకురాలు మా మాటలన్నీ ఓపికగా విని, "అమ్మా, ఇక్కడ పిల్లుల గదులు నాలుగు. నాలుగూ నిండిపోయాయి. మేము చంపము. చంపము కనుకనే వచ్చిన ప్రతిదానికీ ఔననలేము" అన్నారు. ఖాలా కొంగుతో కన్నులు తుడుచుకొన్నారు. "మరి ఈ పెద్దావిడ ఎక్కడికి పోవాలండీ?" అని మేము అడిగాము.

ఆమె నొచ్చుకోలేదు. కిక్కిరిసిన గదిలోనికి మరొక పిల్లిని నెడితే ఏమవుతుందో వివరించారు. పార్వో వంటి వ్యాధి ఒకసారి ప్రవేశించిందంటే అది నేలలో నెలల తరబడి నిలిచి ఉంటుందట. కూనలను వరుసగా తీసుకుపోతుందట. చంపమని ప్రతిజ్ఞ చేసిన చోట ఇరుకు చేతనే చావులు జరిగితే ఆ ప్రతిజ్ఞకు అర్థమేమున్నది? ఆ తరువాత ఆమె, "ప్రయాణానికి ఎన్ని వారాలున్నదమ్మా?" అని ఖాలానే అడిగారు. ఏడు వారాలు. "అయితే అంతవరకు మోతీ మీ ఇంటిలోనే ఉండనీయండి. టీకాలు మేము వేస్తాము. ఫోటో తీసుకొని ఇల్లు వెదుకుతాము. చివరి వారానికి కూడ దొరకకపోతే నేనే ఒక చోటు చూస్తాను. మీరు మాత్రం దాని అలవాట్లన్నీ వ్రాసి ఇవ్వండి" అన్నారు.

ఆ రాత్రి ఖాలా ఉర్దూలో చెబుతూ ఉంటే మేము తెలుగులో వ్రాశాము. ఎన్నో వ్యాసాలు దిద్దిన మాకు అటువంటి వ్రాత అదే మొదలు. పాలు పోయవద్దు, కడుపు చెడుతుంది. అన్నంలో ఉడికించిన కోడిమాంసం ఉప్పు కారం లేకుండా కలపాలి. తలుపు వెనుక పడుకొంటుంది, తలుపు మెల్లగా తీయాలి. ఉరుము ఉరిమితే బీరువా క్రిందికి దూరుతుంది, అప్పుడు పిలవకూడదు, పక్కన ఊరక కూర్చోవాలి. ఇలా రెండు పుటలు నిండాయి. ఆరేళ్ల కాపురం రెండు పుటలలో ఇమిడిపోయింది.

అయిదవ వారంలో రైల్వే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దమనిషి భార్యతో కలిసి వచ్చారు. క్రొత్తవారిని చూడగానే మోతీ బీరువా క్రిందికి దూరింది. ఖాలా కంగారుగా పిలవబోయారు. ఆ ఇల్లాలు "వద్దు వదినగారూ, కాగితంలో చదివాను" అని చెప్పి, నేలమీద బీరువా పక్కన మౌనంగా కూర్చొన్నారు. పావుగంటకు ముక్కు, మరికొంతసేపటికి మీసాలు బయటకు వచ్చాయి. ఖాలా మారుమాట్లాడక లోపలికి పోయి మోతీ తినే గిన్నె కడిగి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. అమానతు చేతులు మారడమంటే అదేనని మాకు తోచింది.

శరణాలయం చంపదన్న మాట విని, ఇక మనకు బాధ్యత లేదని అనుకోవడం సరికాదు. చంపకుండా ఉండే శక్తి ఆ నాలుగు గదులలో లేదు. గేటుకు ఇవతల ఉన్న మన ఇండ్లలో ఉంది. ఒక ఇల్లు ఒక పిల్లిని తెచ్చుకొంటే ఒక గది ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో బజారున పడవలసిన మరొక ప్రాణి నిలుస్తుంది. చీకటిపడిన తరువాత అట్టపెట్టెలో కూనలను పెట్టి ఆ గేటు ముందు వదలి పారిపోయేవారు, ఆ లోపల ఉన్నవాటి చోటునే లాగుకొంటున్నారు.

శరణాలయంనుండి జంతువును తెచ్చుకోదలచిన విద్యార్థులకు ఒకటి రెండు మాటలు. అక్కడ వారు ప్రశ్నలడుగుతారు: ఇల్లు సొంతమా, అద్దెదా? ఇంటివారందరూ ఒప్పుకొన్నారా? పగలు ఎవరుంటారు? ఇల్లు చూడడానికి రావచ్చునా? దీనిని అవమానంగా భావించకూడదు. పిల్లనిచ్చే ఇంటివారు నాలుగు సంగతులు విచారించరా? సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తామని, ఉంచుకోలేకపోతే తిరిగి తమకే అప్పగించాలని కొన్నిచోట్ల వ్రాయించుకొంటారు. రెండూ న్యాయమైనవే. పిల్లి గర్భం సుమారు 65 రోజులు. నాలుగైదు నెలల కూన కూడ తల్లి కాగలదు. ఏడాదిలో రెండు మూడు ఈతలు సాధ్యం. ఈ లెక్క తెలిసినవారు శస్త్రచికిత్సను క్రూరమనరు.

మరొక విన్నపం. అందరి చూపూ కూనల మీదనే పోతుంది. ముసలివి, కుంటివి, నల్లనివి గదులలో మిగిలిపోతాయి. పెద్ద పిల్లి స్వభావం ముందే తెలిసి ఉంటుంది. పుస్తకాలు చించే వయస్సు దాటి ఉంటుంది. క్రొత్త ఇంటిలో తొలి రోజులలో అది తినకపోవచ్చు, మూల వదలి రాకపోవచ్చు. కుదురుకోవడానికి కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. వారంలోనే "మాకు అలవాటు కాలేదు" అని తిరిగి తీసుకుపోకండి. కళాశాలలో చేరిన క్రొత్త విద్యార్థి కూడ తొలివారంలో నోరు విప్పడు కదా!

చివరగా, ఏ మూగజీవినైనా ఇంటికి తెచ్చే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవలసిందిగా విద్యార్థి మిత్రులను కోరుతున్నాము. "నేను పరీక్షలకో, ఉద్యోగానికో, పరదేశానికో వెళ్లిననాడు దీనిని ఎవరి చేతిలో పెడతాను?" ఆ ప్రశ్నకు 'ఎవరో ఒకరు' అన్నది జవాబు కాదు. ఒక మనిషి పేరు రావాలి. ఆ మనిషిని ముందుగా అడిగి, ఆయనో ఆమెయో సరేనన్న తరువాతనే జంతువును ఎత్తుకోండి.