ఎనిమిది స్లైడ్ల లెక్క

కాలేయం నుంచి సూదితో తీసిన ముక్క సేమ్యా పుల్లలా ఉంటుంది. రెండు సెంటీమీటర్ల పొడవుంటే ఆ పూట మాకు పండగే. ఒక్కోసారి మూడు తుంపులై, ఫార్మలిన్ సీసా అడుగున ముడుచుకుపోయి వస్తుంది. ఇది కాన్సరా కాదా, కాన్సరైతే కాలేయంలోనే పుట్టిందా లేక పేగు నుంచో ఊపిరితిత్తి నుంచో వచ్చి ఇక్కడ కాపురం పెట్టిందా, ఆ తుంపుల్లోంచే తేల్చాలి. పాథాలజిస్టుగా ఇరవై ఏళ్లకు పైగా నా పని ఇదే.

నిజానికి తేలికైన కేసులు మా దాకా రావు. లివర్ సిరోసిస్ ఉన్న మనిషికి గడ్డ కనబడి, సీటీలోనో ఎమ్మారైలోనో రంగుమందు దానిలోకి గబుక్కున ఎక్కి, చుట్టూ ఉన్న కాలేయం కంటే ముందే దిగిపోతే చాలు. ముక్క తీయకుండానే కాలేయ కాన్సరని చెప్పేస్తారు. మాకు వచ్చేవి చిక్కుముళ్లు.

ఆ రోజు వచ్చింది అలాంటిదే. వేరే ఊరి నుంచి బ్లాకు పంపారు. ఫారం మీద మూడే ముక్కలు: "56, మగ, లివర్ మాస్." సిరోసిస్ ఉందా, రక్తంలో ఏఎఫ్‌పీ అనే ప్రొటీన్ ఎంత, పేగు పరీక్ష చేశారా, ఏదీ లేదు. ఫారం నింపడానికి కలం కదలని డాక్టర్ల మీద నాకు కోపం తగ్గదు. తగ్గాలని కూడా లేదు.

మొదటి స్లైడు మామూలు గులాబీ, ఊదా రంగుల్లో చూశాను. పెద్ద పెద్ద కేంద్రకాలు, తలా తోకా లేని కణాలు. కాలేయపు పోలికలు లేవు, పేగు పోలికలూ లేవు. ప్రొటీన్లను అడగాల్సిందే. మా టెక్నీషియన్ ముందుచూపుతో రంగు వేయని సెక్షన్లు ఎనిమిది ఒకేసారి కోసి ఉంచాడు. "ఇక మళ్లీ కొయ్యమనకండి మేడమ్, బ్లాకులో మైనమే మిగిలింది" అన్నాడు. బ్లాకును మైక్రోటోమ్‌కి మళ్లీ బిగించినప్పుడల్లా ముఖం చదును చేయడంలోనే కొంత కండ పోతుంది. కాబట్టి ఎనిమిది స్లైడ్లు, ఎనిమిది ప్రశ్నలు.

పద్ధతి చెబితే వంటింటి పనిలా ఉంటుంది. మూడు నాలుగు మైక్రాన్ల పొరను స్లైడుకి అంటించి, మైనం కరిగించి, సిట్రేట్ ద్రావణంలో ప్రెషర్ కుక్కర్లో పెడతాం. ఫార్మలిన్ బిగించేసిన ప్రొటీన్ ఆ వేడికి మళ్లీ బయటపడుతుంది. ఇప్పుడు మెషిన్లు వచ్చాయి గానీ, నేను నేర్చుకున్నది మాత్రం విజిల్ వేసే కుక్కర్ దగ్గరే. తర్వాత మనం వెతికే ప్రొటీన్‌కి మాత్రమే అతుక్కునే యాంటీబాడీ వేసి, దాని మీద ఎంజైమ్ తగిలించి, డాబ్ అనే రసాయనం పోస్తే అక్కడ గోధుమ రంగు తేలుతుంది.

ఆ గోధుమ రంగే ఒకసారి నన్ను ముంచింది. వృత్తిలో కొత్త. అప్పట్లో అవిడిన్-బయోటిన్ పద్ధతి వాడేవాళ్లం. ఒక కాలేయ గడ్డలో కణాలు తాళ్లలా పేర్చి ఉన్నాయి. న్యూరో ఎండోక్రైన్ గడ్డేమో అని సైనాప్టోఫిజిన్ వేస్తే కణాల నిండా గోధుమ రంగు గుళికలు. సంబరంగా రిపోర్టు రాసి పంపేశాను. రెండ్రోజుల తర్వాత మా పెద్ద సార్ స్లైడ్ల ట్రే తిరగేసి, "యాంటీబాడీ వేయని స్లైడు చూశావా అమ్మా?" అన్నారు. చూడలేదు. చూస్తే అదీ గోధుమ రంగే! కాలేయం బయోటిన్ గోదాము. కుక్కర్ వేడికి ఆ బయోటిన్ బయటపడి అవిడిన్‌ని పట్టుకుంది. సైనాప్టోఫిజిన్‌కి దానితో సంబంధమే లేదు. అది మామూలు కాలేయ కాన్సర్. డాక్టర్‌కి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. మందు ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి బతికిపోయాం. ఇప్పటి పాలిమర్ కిట్లలో బయోటిన్ గొడవ లేదు. అయినా రోగి స్లైడు కంటే ముందు కంట్రోలు చూడటం నాకు అలవాటైపోయింది.

మళ్లీ 56 ఏళ్ల మనిషి దగ్గరికి. మొదటి విడతలో నాలుగు వేశాను: హెప్‌పార్-1, ఆర్జినేజ్-1, పేగు కోసం సీడీఎక్స్-2, పాత దెబ్బ గుర్తుండి సైనాప్టోఫిజిన్. చివరి రెండూ నెగటివ్. హెప్‌పార్ కూడా నెగటివ్. ఇక్కడే చాలామంది కాలు జారతారు, "కాలేయం కాదు" అని. హెప్‌పార్, ఆర్జినేజ్ రెండూ పట్టుకునేది యూరియా తయారుచేసే ఎంజైముల్నే. కణం మొరటుగా మారేకొద్దీ ఆ పని మానేస్తుంది, హెప్‌పార్ పడదు. మరోవైపు, కాలేయపు వేషం వేసే కొన్ని పొట్ట కాన్సర్లు హెప్‌పార్‌కి పాజిటివ్ అవుతాయి. ఇలాంటి మొరటు కణాల్లో ఆర్జినేజ్ కాస్త నమ్మకస్తుడు. దాని స్లైడులో ఒక మూల పిడికెడు కణాలు గోధుమ రంగులో ఉన్నాయి. పిడికెడే.

అయిదో స్లైడు గ్లిపికాన్-3కి. దానికి కంట్రోలుగా బిడ్డ పుట్టాక వచ్చే మాయ ముక్క పెడతాం. గర్భస్థ శిశువు కాలేయం చేసి, పెద్దయ్యాక మానేసే ప్రొటీన్ ఇది. కాన్సర్ వస్తే మళ్లీ మొదలెడుతుంది. ఏఎఫ్‌పీ కూడా ఆ జాతిదే. 1963లో మాస్కోలో అబెలెవ్ బృందం దాన్ని ఎలుకల కాలేయ కాన్సర్లో కనిపెడితే, మరుసటి ఏడాదే తతారినోవ్ మనిషిలో చూపించాడు. రక్తంలో అంత ఉపయోగపడే ఏఎఫ్‌పీ స్లైడు మీద మాత్రం పేలవం, అక్కడక్కడా తప్ప పడదు. గ్లిపికాన్ అలా కాదు. ఈ కేసులో స్లైడంతా చిక్కటి కాఫీ రంగు. ఆర్జినేజ్ పిడికెడు, గ్లిపికాన్ బుట్టెడు: కాలేయ కాన్సరే.

ఆరోది రెటిక్యులిన్. కాలేయపు పలకలకు ఆసరాగా ఉండే సన్నని దారాలు దాదాపు మాయమయ్యాయి. ఏడోది సీకే-19. ఇది పిత్తనాళాలది, కాలేయపు మూలకణాలది. అసలైన కాలేయ కాన్సర్లో కూడా ఇది నూటికి అయిదు కణాలకు మించి పడితే, ఆపరేషన్ అయ్యాక జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ. ఈయనకి పడింది. రిపోర్టు అడుగున ఒక వాక్యం చేర్చాను.

సర్జన్ ఫోన్ చేశాడు. "సీకే-19 పాజిటివ్ అన్నారు, అయితే ఏం చేద్దాం మేడమ్?" న్యాయమైన ప్రశ్న. జాగ్రత్తగా కనిపెట్టుకుని, స్కాన్లు దగ్గర దగ్గరగా తీయండి అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర లేదు. రొమ్ము కాన్సర్లో హెర్-2 పడితే దానికో మందుంది. ఇక్కడ గ్లిపికాన్ ఇంత బాగా పడుతుంది కదా అని దాన్నే గురిపెట్టి యాంటీబాడీ మందు చేశారు. 2016లో వచ్చిన ఫలితాల్లో లాభం కనబడలేదు. 2020లో వచ్చిన అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జోడీ ఇవ్వడానికి స్లైడు మీద పీడీ-ఎల్1 ప్రొటీన్ చూడనక్కర్లేదు, అయినా వేయమని ఫారాలు వస్తూనే ఉంటాయి. మందును నిర్ణయించే గుర్తుగా కాలేయ కాన్సర్లో నిలబడింది ఆ పాత ఏఎఫ్‌పీయే: రక్తంలో అది 400, ఆపైన ఉన్నవాళ్లకి మొదటి మందు తర్వాత రెండో మందుగా రాముసిరుమాబ్. అది కూడా స్లైడు చెప్పింది కాదు.

ఎనిమిదో స్లైడు మిగిలింది. ముక్క కొసన కాన్సర్ సోకని కాలేయం చిటికెడు ఉంది. అందులో కొన్ని కణాలు మసక అద్దంలా కనబడ్డాయి, హెపటైటిస్-బి వైరస్ పొర నిండిన కణాల్లా. ఆ వైరస్ సిరోసిస్ లేకుండానే కాన్సర్ తెప్పించగలదు. ఎనిమిదోది దానికి వాడేద్దామనుకుని, చెయ్యి ఆపి ముందు సర్జన్‌కి ఫోన్ చేశాను. "ఆఁ, హెపటైటిస్-బి పాజిటివే. బయాప్సీకి ముందు చేసిన రక్తపరీక్ష ఫైల్లో ఉంది" అన్నాడు తాపీగా.

రిపోర్టు కోసం పెద్దకొడుకు వచ్చాడు, ముప్పై దాటినవాడు. 1997లో హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా చౌకగా తెచ్చింది, అప్పటికే పుట్టేశాడు.

"మీరూ, మీ తమ్ముడూ, అమ్మా రక్తపరీక్ష చేయించుకున్నారా బాబూ?"

"నాన్నకి కదా మేడమ్ జబ్బు, మాకెందుకు?"

ఇది ఇంట్లోవాళ్లకీ అంటే వైరస్ అని అంతవరకూ ఎవరూ చెప్పలేదు. కాగితం మీద పరీక్ష పేరు రాసిచ్చి, కింద ల్యాబ్‌లో ఇవాళే ఇచ్చి వెళ్లమన్నాను. మడిచి జేబులో పెట్టుకుని, "ముగ్గురికీ కలిపి ఎంతవుతుంది మేడమ్?" అని అడిగాడు. ఎనిమిదో స్లైడు ఇంకా మా పెట్టెలోనే ఉంది.