లాంగ్ బీచ్‌లో గుల్లల వేట

చీకటి పడుతుంటే ఏ సముద్రపు ఒడ్డయినా ఖాళీ అవుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, లాంగ్ బీచ్‌లో, మేం వెళ్లిన చలికాలపు సాయంత్రం జనం అప్పుడే దిగుతున్నారు. కాళ్లకు రబ్బరు బూట్లు, నెత్తిన లైటు, నడుముకి వల సంచి. కార్లు ఇసుక మీదే ఆపేశారు. అందరూ వచ్చింది రేజర్ క్లామ్ అనే గుల్ల కోసం. చలికాలంలో సముద్రం బాగా వెనక్కి తగ్గేది సాయంత్రాలే. వసంతంలో అయితే తెల్లవారుజామున రావాలి.

మంగలికత్తి పిడిలా కోలగా ఉండే ఈ గుల్ల ఇసుకలో నిలువుగా దిగబడి ఉంటుంది. పైకి కనబడేది చిన్న గుంట మాత్రమే. అది కనబడగానే తవ్వాలి, లేదంటే గుల్ల ఇసుకను తొలుచుకుంటూ కిందికి జారిపోతుంది. కొందరు పార వాడతారు. కొందరి చేతిలో ‘క్లామ్ గన్’ ఉంటుంది. పేరుకి తుపాకీ గానీ, అది పిడి ఉన్న గొట్టం. ఇసుకలోకి దించి, పైనున్న కన్నాన్ని వేలితో మూసి లాగితే ఇసుకతో పాటు గుల్లా వచ్చేస్తుంది.

మనిషికి రోజుకి 15 గుల్లలకే అనుమతి. మొదట తవ్విన 15 చిన్నవైనా, పెంకు పగిలినా ఉంచుకోవాల్సిందే. చాదస్తమనిపించింది గానీ, తిరిగి ఇసుకలో వదిలినవి చాలావరకు బతకవట! 15 ఏళ్లు నిండినవారికి లైసెన్సు తప్పనిసరి. ఎవరి సంచి వారిదే.

వంట తేలిక. మరిగే నీళ్లలో క్షణాలపాటు ముంచితే పెంకులు విచ్చుకుంటాయి. వెంటనే చన్నీళ్లలో వేసి, మొప్పలూ నల్లటి పొట్టభాగమూ కత్తెరతో తీసేసి, గుడ్డుసొనలో ముంచి, బిస్కెట్ల పొడి అద్ది, వెన్నలో అటో నిమిషం ఇటో నిమిషం వేయించాలి. ఎక్కువసేపు ఉంచితే సాగుతుంది. సియాటిల్ నుంచి వచ్చిన తెలుగు కుటుంబం అల్లం వెల్లుల్లి, మిరియాలు దట్టించి వేపుడు చేసింది. ఘాటు బాగుంది, గుల్ల తీపి మాత్రం మాయం. నా ఓటు వెన్నకే.

ఒక్క భయం ఉంది. 1991లో ఇక్కడి గుల్లల్లో డొమోయిక్ ఆసిడ్ అనే విషం బయటపడి వేట ఆగిపోయింది. సముద్రంలోని సూక్ష్మమైన నాచు తయారుచేసే విషమిది. 1987లో కెనడాలో ఇదే విషమున్న మస్సెల్స్ అనే గుల్లలు తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు. కొందరు చనిపోయారు, కొందరికి జ్ఞాపకశక్తి దెబ్బతింది. ఉడికించినా వేయించినా ఇది పోదు. అందుకే గుల్లలను ముందుగా పరీక్షించి, సురక్షితమని తేలాకే వేటకు అనుమతిస్తారు. వెళ్లాలనుకునేవారు బయలుదేరేముందు రాష్ట్ర మత్స్య శాఖ తాజా ప్రకటన తప్పక చూసుకోండి.